కేఎల్ఆర్ 650, డీఆర్ 650, డీఆర్‌జడ్ 400: పాత డ్యూయల్ స్పోర్ట్ బండ్లలో ఏది తీసుకోవాలి?

ముందుగా మీ ప్రశ్నను నాకు అర్థమైన మేరకు చెబుతాను. మీ ఎత్తు అయిదడుగుల ఏడంగుళాలు, బరువు 65 కిలోలు. ఇప్పటివరకు తారు రోడ్ల మీద మామూలు బండ్లే నడిపారు. ఇకమీదట రోజూ పనికి వెళ్లి రావడానికీ, సెలవు రోజుల్లో కంకర దారులూ మట్టి బాటలూ పట్టి రెండు మూడు వందల కిలోమీటర్లు తిరగడానికీ, ఏడాదికి ఒకటి రెండుసార్లు వారం రోజుల ప్రయాణానికీ ఒకే బండి కావాలి, అంటే తారు మీదా మట్టి మీదా నడిచే డ్యూయల్ స్పోర్ట్ బండి. చాలాసార్లు ఒంటరిగానే వెళతానని కూడా రాశారు. మీకు అందుబాటులో ఉన్నవి మూడు. మొదటిది 38 వేల కిలోమీటర్లు తిరిగి, పక్కపెట్టెలూ క్రాష్ గార్డులూ బిగించి ఉన్న 2009 నాటి కవాసాకి కేఎల్ఆర్ 650. రెండవది 24 వేలు తిరిగి, దాదాపు కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్న 2012 నాటి సుజుకి డీఆర్ 650. మూడవది 15 వేలు మాత్రమే తిరిగి, వేరే కార్బురేటర్ (ఇంజిన్‌కు గాలీ పెట్రోలూ కలిపి అందించే భాగం), పెద్ద పిస్టన్ వేయించిన 2007 నాటి సుజుకి డీఆర్‌జడ్ 400ఎస్. ధరలు దగ్గర దగ్గరగా ఉన్నాయి కాబట్టి ధరను బట్టి తేలే విషయం కాదన్నారు.

మీ అవసరానికి డీఆర్ 650 సరైనదని నా అభిప్రాయం. అయితే కాగితం మీద చూస్తే మీరు అడిగినవన్నీ కేఎల్ఆర్‌లోనే ఎక్కువగా కనిపిస్తాయి కాబట్టి, నేను దాన్ని ఎందుకు వద్దంటున్నానో వివరంగా చెప్పవలసి ఉంది.

ఇలాంటి బండి కొనేటప్పుడు అందరూ తాము ఎక్కువగా తిరిగే దారిని దృష్టిలో పెట్టుకుని లెక్క వేస్తారు. "నూటికి అరవై పాళ్లు తారు, నలభై పాళ్లు మట్టి" అని మీరూ రాశారు. ఆ లెక్క అవసరమే గాని, దాన్ని బట్టి ఏ బండి సుఖంగా ఉంటుందో తెలుస్తుంది తప్ప, ఏ బండి మిమ్మల్ని ఇంటికి చేరుస్తుందో తెలియదు. మీరు ఒంటరిగా వెళ్లే దారిలో అన్నిటికన్నా కష్టమైన వంద మీటర్లు ఏవో గుర్తు చేసుకోండి. వాన వెలిసిన మర్నాటి రేగడి బురద కావచ్చు, వాగు దాటాక ఎదురయ్యే నిట్టనిలువు ఒడ్డు కావచ్చు, చక్రం సగం దాకా దిగబడే ఇసుక కావచ్చు. అక్కడ బండి పడిపోవడం ఖాయం. ఒకసారి కాదు, రెండు మూడుసార్లు పడుతుంది. మూడోసారి కూడా మీరొక్కరే లేపగలిగిన బండి మీకు సరిపోయే బండి.

ఇది నేను సుఖంగా నేర్చుకున్న సంగతి కాదు. ఒకప్పుడు నేను కూడా పెద్ద ట్యాంకు చూసి, పక్కపెట్టెలు చూసి ఒక బరువైన 650 సీసీ బండి కొన్నాను. మొదటి వానాకాలంలో, పక్కపెట్టెలు నిండా సామానుతో, అర కిలోమీటరు బురదలో మూడుసార్లు పడ్డాను. మొదటిసారి ఊపిరి బిగించి లేపాను. రెండోసారి పెట్టెలు విప్పి పక్కన పెట్టి లేపాను. మూడోసారి ట్యాంకు మూతలోంచి పెట్రోలు చుక్కలు చుక్కలుగా కారుతుంటే దాని పక్కనే కూర్చుండిపోయాను. చేతుల్లో సత్తువ లేదు. గంటన్నర తరువాత అటుగా వచ్చిన ఇద్దరు చెయ్యి వేస్తే గాని బండి లేవలేదు. ఆ బండిలో ఏ లోపమూ లేదు. తప్పు నా ఎంపికది.

ఇప్పుడు మీ మూడు బండ్ల బరువులు చూడండి. పెట్రోలు నింపి, నడపడానికి సిద్ధంగా ఉన్నప్పుడు కేఎల్ఆర్ 196 కిలోలు, డీఆర్ 650 166 కిలోలు, డీఆర్‌జడ్ 400ఎస్ 144 కిలోలు తూగుతాయి. మీ కేఎల్ఆర్‌కు ఇనుప గార్డులూ పెట్టెలూ ఉన్నాయి కాబట్టి అది 196 దగ్గర ఆగదు. 65 కిలోల మనిషి తన బరువుకు మూడు రెట్లకు పైగా ఉన్న బండిని జారుడు నేల మీద లేపడం అంటే ఏమిటో చదివితే అర్థం కాదు. వీలైతే స్నేహితుడి బండి దేన్నైనా మెత్తటి నేల మీద నెమ్మదిగా పడుకోబెట్టి, హ్యాండిల్‌ను నేల వైపుకు పూర్తిగా తిప్పి, వీపు బండి వైపు పెట్టి, నడుముతో కాకుండా కాళ్లతో నెడుతూ లేపి చూడండి. స్నేహితుడి అనుమతి ముందే తీసుకోండి.

సీటు ఎత్తుకూ బరువుకూ ముడిపెట్టకండి, అవి రెండూ వేరు. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 సీటు 800 మిల్లీమీటర్లే, ఎవరికైనా కాళ్లు నేలకు హాయిగా అందుతాయి. కాని దాని బరువు 190 కిలోల పైమాటే. పడనంతవరకు అది చాలా మర్యాదగల బండి. హీరో ఎక్స్‌పల్స్ 200 సీటు 823 మిల్లీమీటర్లు, బరువు మాత్రం సుమారు 155 కిలోలు. మీ మూడింటిలో డీఆర్‌జడ్ సీటు 935, కేఎల్ఆర్‌ది 889, డీఆర్ 650ది 885 మిల్లీమీటర్లు. మీ ఎత్తుకు డీఆర్‌జడ్ మీద రెండు కాళ్ల మునివేళ్లు మాత్రమే నేలను తాకుతాయి. సన్నటి బండి కాబట్టి కొందరికి అది అలవాటైపోతుంది, కొందరికి ఎన్నటికీ కాదు. డీఆర్ 650లో ఒక సౌకర్యం ఉంది. వెనుక షాక్ బిగింపును, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కులను మార్చి సీటును దాదాపు 40 మిల్లీమీటర్లు దించుకునే ఏర్పాటును కంపెనీయే ఇచ్చింది. మీరు చూడబోయే బండిని ముందటి యజమాని దించి ఉండవచ్చు, అడగండి. దించిన బండికి సైడ్ స్టాండు కూడా దానికి తగ్గట్టు పొట్టిది ఉండాలి, లేకపోతే బండి నిటారుగా నిలబడి గాలికే అటు పడిపోతుంది.

కేఎల్ఆర్‌ను తక్కువ చేసి మాట్లాడడం నా ఉద్దేశం కాదు. 1987లో వచ్చి, 2008లో ఒకసారి రూపం మార్చుకుని, 2018 వరకు కార్బురేటర్‌తోనే కొనసాగిన బండి అది. కార్బురేటర్‌కు బదులుగా పెట్రోలును కొలిచి చిమ్మే ఫ్యూయల్ ఇంజెక్షన్ 2022 మోడల్‌తో గాని రాలేదు. ఒక యంత్రాన్ని అంత కాలం దాదాపు అలాగే తయారు చేశారంటే దాని మంచిచెడ్డలన్నీ లోకానికి తెలిసిపోయి ఉంటాయి, పాత బండి కొనేవాడికి అంతకన్నా మేలు లేదు. 651 సీసీ ఇంజిన్‌ను నీరు చల్లబరుస్తుంది కాబట్టి ట్రాఫిక్‌లో బాధపడదు. 23 లీటర్ల ట్యాంకుతో, లీటరుకు ఇరవై కిలోమీటర్ల చొప్పున వేసుకున్నా నాలుగు వందల కిలోమీటర్లు పెట్రోలు బంకు వైపు చూడనక్కరలేదు. మీ వారం రోజుల ప్రయాణాలే ప్రధానమై, మట్టి బాటలు అరుదైతే నేను దాన్నే తీసుకోమనేవాణ్ణి.

దాని బలహీనతలు కూడా అంతే ప్రసిద్ధం. ఇంజిన్ లోపల అదురును తగ్గించే బ్యాలెన్సర్ చెయిన్‌ను బిగువుగా ఉంచే ఒక చిన్న లివరు ఉంటుంది, యజమానులు దాన్ని ముద్దుగా డూహికీ అంటారు. పాత తరం బండ్లలో అది విరిగి ముక్కలు ఇంజిన్‌లో పడేవి. 2008 నుంచి లివరును గట్టిపరిచారు గాని, దాన్ని లాగి పట్టుకునే స్ప్రింగు పట్టు సడలిపోవడం మాత్రం పూర్తిగా పోలేదు. 38 వేలు తిరిగిన బండిలో దాన్ని మార్చారా, మారిస్తే ఎప్పుడు మార్చారు అన్నది మీ మొదటి ప్రశ్న కావాలి. 2008, 2009 నాటి బండ్లు కొన్ని వేగంగా నడిపితే ఇంజిన్ ఆయిల్ తాగుతాయన్న ఫిర్యాదు కూడా ఉంది. మీరు చూసినది సరిగ్గా 2009దే. "ఆయిల్ తాగుతుందా?" అని అడిగితే ఎవరైనా లేదనే అంటారు. "వెయ్యి కిలోమీటర్లకు ఎంత పోస్తున్నారు?" అని అడగండి. తడుముకోకుండా ఒక అంకె చెప్పిన మనిషి ఆయిల్ మట్టాన్ని చూసుకునే మనిషి. ఇక పక్కపెట్టెలతో తిరిగిన బండి కాబట్టి, వెనుక సీటును మోసే సబ్‌ఫ్రేమును అసలు ఫ్రేముకు కలిపే పైబోల్టులను తప్పక చూడాలి. బరువు మోసి మోసి అవి సడలడమో తెగడమో ఈ మోడల్‌లో తెలిసిన విషయమే.

డీఆర్‌జడ్ 400ఎస్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మీ మనసు దాని మీదే ఉందని మీ ప్రశ్న చదివితే తెలుస్తోంది. మట్టిలో మూడింటిలోకి అదే మేలైనది, అందులో సందేహం లేదు. 2000లో వచ్చిన ఈ 398 సీసీ బండి ముందు 21, వెనుక 18 అంగుళాల చక్రాలతో, మంచి ఫోర్కులతో, నిజంగా బాట కోసమే పుట్టినట్టు ఉంటుంది. మిగతా రెండింటికీ వెనుక చక్రం 17 అంగుళాలే. తారు మీదికి వచ్చేసరికి అయిదు గేర్లే ఉన్నందువల్ల గంటకు వంద కిలోమీటర్ల దగ్గర ఇంజిన్ గోల పెడుతుంది. సీటు పలక మీద కూర్చున్నట్టు ఉంటుంది. ట్యాంకు 10 లీటర్లే, రెండు వందల కిలోమీటర్లకు పెట్రోలు వెతుక్కోవాలి. ఇంజిన్‌లో పట్టే ఆయిల్ రెండు లీటర్ల లోపే, అందుకే అది తొందరగా పాడవుతుంది, తరచుగా మార్చాలి. రోజూ పనికి వెళ్లే బండికి ఈ చివరి సంగతి చిన్నది కాదు.

ఈ ఇంజిన్‌లో క్యామ్ చెయిన్ టెన్షనర్ (వాల్వులను నడిపే చెయిన్‌ను బిగువుగా ఉంచే భాగం) మొండికేయడం, ఎడమ వైపు కరెంటు పుట్టించే రోటరు బోల్టు, కుడి వైపు క్లచ్‌ను తిప్పే ప్రైమరీ గేరు నట్టు సడలడం యజమానులందరికీ తెలిసిన జబ్బులు. తెలిసినవాళ్లు చేత్తో బిగించే టెన్షనర్ వేసుకుని, ఆ నట్లను విప్పి, సడలకుండా పట్టే లాక్‌టైట్ జిగురు పూసి మళ్లీ బిగిస్తారు. ఎడమ వైపు ఇంజిన్ మూత కూడా పలుచన, బండి పడినప్పుడు గేరు లివరు దానికి తగిలి పగులుతుంది. ఇవన్నీ సరిచేసుకోదగినవే. నేను ఆగిపోయేది పెద్ద పిస్టన్ దగ్గర. కార్బురేటర్ మార్చడం, ఎయిర్‌బాక్స్ (గాలిని వడకట్టే ఫిల్టర్ ఉండే పెట్టె) పైభాగం కోసి గాలిదారి పెంచడం బయటి పనులు, అవి చెడిపోతే సరిచేసుకోవచ్చు, పాత భాగాలు ఉంటే తిరిగి బిగించుకోవచ్చు. సిలిండర్ విప్పి పిస్టన్ మార్చిన ఇంజిన్ విషయం అలా కాదు. దాన్ని ఎవరు విప్పారు, ఏ కొలతలు తీశారు, ఎంత సందు వదిలారు, భాగాల మధ్య కారకుండా పెట్టే గాస్కెట్ ఏది వేశారు అన్న కాగితం లేకపోతే అది సుజుకి చేసిన ఇంజిన్ కాదు, మీకు తెలియని ఒక మనిషి చేసిన ఇంజిన్. ఆ మనిషి గొప్ప పనివాడే కావచ్చు, ఆ సంగతి మనకు తెలిసే దారి లేదు. పెంచిన శక్తి నుంచి పుట్టే వేడినీ, క్లచ్ మీద పడే భారాన్నీ కూడా లెక్కలో వేసుకోవాలి. రోజువారీ పనికి ఆధారపడవలసిన ఏకైక బండిగా దాన్ని నేను కొనను. అదే మోడల్ ముట్టుకోని ఇంజిన్‌తో దొరికి ఉంటే ఈ జవాబు ఇంత తేలికగా తేలేది కాదు.

15 వేలు మాత్రమే అన్న అంకెను చూసి కూడా మురిసిపోకండి. తారు మీద తిరిగిన ముప్ఫై వేల కన్నా దుమ్ములో, ఒకటి రెండు గేర్లలో తిరిగిన పదిహేను వేలు ఇంజిన్‌ను ఎక్కువ అరగదీస్తాయి. అంతకాలంగా అంత తక్కువ తిరిగిందంటే నెలల తరబడి నిలబడి ఉన్న రోజులు కూడా చాలానే ఉంటాయి. నిలబడ్డ బండిలో కార్బురేటర్ లోపల పెట్రోలు జిగురుకట్టి పెట్రోలు వెళ్లే సన్నటి జెట్లను మూసేస్తుంది, కార్బురేటర్‌ను ఇంజిన్‌కు కలిపే రబ్బరు గొట్టాలు బీటలు వారతాయి, ట్యాంకు లోపల తుప్పు పడుతుంది. ట్యాంకు మూత తీసి టార్చి వేసి చూడడం మరచిపోవద్దు.

ఇక డీఆర్ 650. 1996 నుంచి దాదాపు అదే రూపంలో తయారవుతున్న 644 సీసీ బండి. గాలితోనూ ఆయిల్‌తోనూ చల్లబడుతుంది కాబట్టి రేడియేటర్ లేదు, నీటి పంపు లేదు, పడినప్పుడు పగలడానికి ఆ భాగాలే లేవు. ఇంజిన్‌లోకి గాలిని వదిలి, పొగను బయటికి పంపే వాల్వుల దగ్గర ఉండవలసిన సందులను స్క్రూ, నట్టు తిప్పి సరిచేసుకోవచ్చు. మిగతా రెండింటిలో సందు తేడా వస్తే వాల్వులను నడిపే క్యామ్‌షాఫ్టులు తీసి, వాటి కింద ఉండే సన్నటి లోహపు బిళ్లలు మార్చాలి. బండి పని సొంతంగా నేర్చుకోవాలని రాశారు కదా, ఒక సాయంత్రం కూర్చుని వాల్వులు సరిచేసుకోగలిగిన మొదటి ఇంజిన్ మీకిదే అవుతుంది. నడకలో దానికి ఏ ప్రత్యేక వైభవమూ లేదు. కింది వేగాల దగ్గర నుంచే లాగుతుంది, తారు మీద వందకు అటూ ఇటూ ఇబ్బంది లేకుండా పోతుంది, బాట మీద మరీ మొరాయించదు. ముందు ఫోర్కు స్ప్రింగులు మెత్తనివని బరువైనవాళ్లు ఫిర్యాదు చేస్తారు, 65 కిలోల మీకు అది పెద్ద సమస్య కాదు. సీటు గట్టిది. ట్యాంకు 13 లీటర్లు, రెండు వందల అరవై కిలోమీటర్ల దాకా వస్తుంది. వారం రోజుల ప్రయాణానికి అది చాలదనిపిస్తే ఈ మోడల్‌కు పెద్ద ట్యాంకులు విడిగా దొరుకుతాయి. ట్యాంకు పెంచుకోవచ్చు గాని కేఎల్ఆర్ బరువును తగ్గించుకోలేరు.

డీఆర్ 650లో మీరు తప్పక తెలుసుకోవలసిన లోపం ఒకటి ఉంది. బండి న్యూట్రల్‌లో ఉందని తెలిపే స్విచ్ ఇంజిన్ లోపల, క్లచ్ వెనుక, రెండు చిన్న స్క్రూలతో బిగించి ఉంటుంది. కాలక్రమాన ఆ స్క్రూలు సడలి ఊడి పడితే గేర్ల మధ్య చిక్కుకుని ఇంజిన్ ఉన్నట్టుండి పట్టేసే ప్రమాదం ఉంది. అన్ని బండ్లకూ అలా జరగదు, కాని జరిగినప్పుడు నష్టం చాలా పెద్దది. మరమ్మతు మాత్రం చిన్నదే. కుడి వైపు మూత విప్పి, క్లచ్ తీసి, ఆ స్క్రూలను మార్చి, అవి తిరగకుండా సన్నటి తీగతో కట్టేస్తారు. ఒక పూట పని. అమ్మే మనిషిని ఈ పని చేయించారా అని అడగండి. దేని గురించి అడుగుతున్నారో ఆయనకు అర్థం కాకపోతే చేయలేదనే అనుకోండి. న్యూట్రల్ దీపం అప్పుడప్పుడు మిణుకు మిణుకుమంటుంటే అనుమానించవలసిందే. మరొకటి, సిలిండర్ అడుగున గాస్కెట్ దగ్గర ఆయిల్ చెమర్చడం. తడిగా, దుమ్ము పట్టి ఉంటే భయపడనక్కరలేదు. చుక్కలుగా కారుతుంటే సిలిండర్ ఎత్తే పని ఉందని బేరంలో చెప్పండి.

బండి చూడడానికి వెళ్లేటప్పుడు ముందుగా ఫోన్ చేసి, నేను వచ్చేవరకు స్టార్ట్ చేయవద్దని కోరండి. వెళ్లగానే ఇంజిన్ మీద అరచెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే మీకు చూపించకూడనిది ఏదో ఉందని అర్థం. చల్లగా ఉన్న కార్బురేటర్ బండి చోక్ లాగితే సరిగ్గా అంటుకోవాలి, ఒకటి రెండు నిమిషాల్లో చోక్ మూసినా నిలకడగా తిరగాలి. అంటుకున్న మొదటి నిమిషంలోని చప్పుడు వేడెక్కాక వచ్చే చప్పుడు కన్నా ఎక్కువ చెబుతుంది. పల్చటి టకటక వేడెక్కాక తగ్గితే పరవాలేదు. వేడెక్కే కొద్దీ పెరిగే బరువైన చప్పుడు ఉంటే మర్యాదగా సెలవు తీసుకోండి. పొగ నీలంగా ఉంటే ఆయిల్ కాలుతోంది, ముఖ్యంగా వేగం మీద రేసు వదిలి మళ్లీ ఇచ్చినప్పుడు వెనుకకు చూడండి. నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది. నీటితో చల్లబడే బండిలో వేడెక్కాక కూడా తెల్లటి పొగ ఆగకపోతే హెడ్ గాస్కెట్‌ను అనుమానించాలి.

నేను పాత డ్యూయల్ స్పోర్ట్ బండి దేన్ని చూసినా మొదట విప్పేది ఎయిర్ ఫిల్టర్. మెరుగు పెట్టిన ట్యాంకూ కొత్త స్టిక్కర్లూ ఎవరైనా వేయించగలరు గాని, ఎయిర్‌బాక్స్ లోపల తుడిచేవారు అరుదు. పక్క ప్యానెల్ తీసి ఫిల్టర్‌ను బయటికి తీయండి. అది స్పాంజిలా ఉండే ఫోమ్ అయితే వేళ్లకు జిగురుగా ఆయిల్ అంటాలి. పొడిగా ఉండి, నలిపితే రాలుతుంటే ఆ బండిని ఎలా చూసుకున్నారో ఇక అడగనక్కరలేదు. తరువాత చూపుడువేలికి తెల్లటి గుడ్డ చుట్టి, ఫిల్టర్‌కు అవతల, అంటే ఇంజిన్ వైపు వెళ్లే రబ్బరు గొట్టం లోపలి గోడను తుడవండి. గుడ్డ శుభ్రంగానో, కొద్దిగా ఆయిల్ మరకతోనో రావాలి. బొటనవేలితో రుద్దినప్పుడు ఇసుక గరగరలాడితే ఆ ఇంజిన్ దుమ్ము మింగింది. పిస్టన్ రింగులూ సిలిండరూ ఎంత అరిగాయో బయటికి ఇంకా తెలియకపోవచ్చు, కాని అరగడం మొదలైంది. ఒకసారి అంతా బాగున్న బండిలో ఈ గరగర తగిలింది. అమ్మే మనిషి నొచ్చుకున్నాడు, నేను తిరిగి వచ్చేశాను. ఆ బండి తరువాత ఏమైందో నాకు తెలియదు, కాని ఆ నిర్ణయానికి ఎప్పుడూ చింతించలేదు.

చక్రాల దగ్గర కూర్చుని ఒక చిన్న స్పానరుతో స్పోకులను ఒక్కొక్కటిగా తట్టుకుంటూ వెళ్లండి. బిగువుగా ఉన్నవి ఖంగుమంటాయి, సడలినవి మట్టిముంతను తట్టినట్టు పలుకుతాయి. ఒకటి రెండయితే బిగించుకోవచ్చు, ఒకే చోట నాలుగయిదు ఉంటే అక్కడ రిమ్ము వంగి ఉంటుంది. ముందు చక్రం నేలకు ఆనకుండా ఎత్తించి హ్యాండిల్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు నెమ్మదిగా తిప్పండి. సరిగ్గా మధ్యకు వచ్చినప్పుడు గాడిలో పడ్డట్టు తగిలితే స్టీరింగ్ బేరింగులు పోయినట్టే. వెనుక చక్రాన్ని చేత్తో పైకీ కిందికీ ఎత్తి చూసినప్పుడు టక్కుమన్న ఆట తెలిస్తే వెనుక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్ లేదా దాన్ని షాక్‌కు కలిపే లింకేజి బేరింగులకు ఏళ్ల తరబడి గ్రీజు అందలేదని అర్థం. ఇవి బండిని వదులుకోవలసిన లోపాలు కావు, బేరం ఆడవలసిన లోపాలు. చెయిన్‌ను వెనుక స్ప్రాకెట్ (చెయిన్ తిరిగే పళ్ల చక్రం) దగ్గర పట్టి లాగితే పన్ను సగం బయటపడిందంటే చెయిన్, రెండు స్ప్రాకెట్లు కలిపి మార్చాలి. టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది, 2317 అంటే 2017లో 23వ వారం. గాట్లు లోతుగా ఉన్నా పాత టైరు రాయిలా గట్టిపడి ఉంటుంది.

పడిన బండా కాదా అని అడగకండి. ఈ తరహా బండి పడకుండా ఉండదు, పడలేదన్నవారు దాన్ని మట్టిలోకి తీసుకెళ్లలేదనో, అబద్ధమాడుతున్నారనో అనుకోవాలి. ఎలా పడిందన్నదే చూడాలి. గీతలు పడిన హ్యాండ్ గార్డులు, వంగి సరిచేసిన లివర్లు మామూలే. హ్యాండిల్‌ను పూర్తిగా తిప్పినప్పుడు ఆపే ఇనుప ముక్కలు నలిగి ఉన్నా, ఫుట్‌రెస్ట్ ఫ్రేముకు అతికిన చోట వంగి ఉన్నా, ఇంజిన్ కింది మూతకు మాత్రమే కొత్త రంగు వేసి ఉన్నా అవి గట్టి దెబ్బ గుర్తులు. ఇంజిన్ నంబరు, ఫ్రేము నంబరు కాగితాలతో సరిపోలడం, అప్పు బాకీ లేకపోవడం ఎలాగూ చూస్తారు కదా.

నడిపి చూసేటప్పుడు పై గేరులో, తక్కువ వేగం నుంచి ఒక్కసారి పూర్తిగా రేసు ఇవ్వండి. ఇంజిన్ శబ్దం పెరిగి బండి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. డీఆర్ 650లో కొన్ని బండ్లకు మూడో గేరు దెబ్బతిన్నట్టు తెలుసు కాబట్టి ఆ గేరులో భారం మీద లాగించి, ఒక్కసారి వదిలి, మళ్లీ లాగించండి. ఊడి రాకూడదు, వింత గోల చేయకూడదు.

ఎవరో మీకు హోండా ఎక్స్ఆర్ 650ఎల్, యమహా డబ్ల్యూఆర్ 250ఆర్ కూడా చూడమన్నారని రాశారు. మొదటిదాని సీటు 940 మిల్లీమీటర్లు, మీ ఎత్తుకు అనవసరమైన పరీక్ష. రెండవది చాలా మంచి యంత్రం, ఆరు గేర్లు, ఫ్యూయల్ ఇంజెక్షన్, బరువు 134 కిలోలే, వాల్వులు 42 వేల కిలోమీటర్ల దాకా చూడనక్కరలేదని కంపెనీయే చెప్పింది. ఫ్యూయల్ పంపు మార్చారో లేదో కనుక్కుని, 7.6 లీటర్ల ట్యాంకుతో సర్దుకోగలనని అనుకుంటే తప్పక చూడండి. 250 సీసీతో సామాను వేసుకుని ఎదురుగాలిలో తారు మీద రోజంతా నడపడానికి మాత్రం ఓపిక కావాలి.

డీఆర్ 650 ఎయిర్‌బాక్స్ పరీక్షలో తప్పితే, లేదా మూడో గేరులో అనుమానం వస్తే, మీ రెండో ఎంపిక డీఆర్‌జడ్ కాకూడదు. కేఎల్ఆర్‌ను పక్కపెట్టెలు విప్పించి, డూహికీ లెక్క తేల్చుకుని, ఆయిల్ లెక్క విని తీసుకోండి, ఒంటరిగా వెళ్లినప్పుడు బురద దారులు మాత్రం మానుకోండి. డీఆర్ 650 అన్నిటిలో నెగ్గితే, కొన్న తరువాత మొదటి సెలవు రోజునే మట్టి బాటలోకి తీసుకెళ్లకుండా, ఇంజిన్ ఆయిల్ దించి, కుడి వైపు మూత విప్పి ఆ రెండు స్క్రూలను చూడండి. మూతకు కొత్త గాస్కెట్, క్లచ్ హబ్‌ను తిరగకుండా పట్టుకునే పనిముట్టు ముందే తెచ్చి పెట్టుకోండి, మూత విప్పాక వాటి కోసం తిరగడం కష్టం. ముందు స్ప్రాకెట్ 15 పళ్లది ఉంటుంది. బాటల్లో ఇంకా నెమ్మదిగా నడవాలనిపిస్తే 14 పళ్లది వేసి చూడండి, పని చిన్నది, బండి మాత్రం చాలా మారుతుంది.